గుమ్మడికాయల పక్కన గిటారు

ఆ రోజుల్లో నాకు భయం వెయ్యనివి ఏవో చెప్పమంటే ఒక చేతి వేళ్ళు సరిపోయేవి. భయం వేసేవి చెప్పమంటారా, మీకు వేరే పనులు కూడా ఉంటాయి కాబట్టి కొన్నే చెబుతాను. తొంభైల మొదట్లో, ఇరవై మూడేళ్ళ వయసులో, బాపట్ల నుంచి సిడ్నీ వచ్చి పెండిల్ హిల్‌లో మా మావయ్య ఇంట్లో దిగాను. ఫోను మోగితే భయం, అవతలివాళ్ళ ఇంగ్లీషు అర్థం కాదని. రైల్లో టికెట్లు చూసేవాడు వస్తే భయం (టికెట్ జేబులోనే ఉండేది, అయినా సరే). సెప్టెంబరు వస్తే చెట్ల మీంచి నెత్తిమీదికి దూకే మాగ్‌పై పిట్టలంటే భయం. వాటి కోసం మబ్బు లేని రోజున కూడా గొడుగు వేసుకుని స్టేషనుకి వెళ్ళేవాణ్ణి. వీటన్నిటికంటే పెద్ద భయం మావయ్య. ఆయన నన్ను ఏనాడూ తిట్టలేదు, కసరలేదు. నన్ను రప్పించి, ఒక గది ఇచ్చి, పార్సెళ్ళ గోడౌన్‌లో ఉద్యోగం చూపించి, భోజనాల దగ్గర "ఏరా, అంతా ఓకేనా?" అని అడిగేవారు. అంత మంచి మనిషి ముందు తల దించుకోవాల్సి వస్తే ఎలా అన్నదే నా భయం. చెడ్డవాళ్ళయితే ఇంత బెంగ ఉండేది కాదు.

ఇన్ని భయాల మధ్య నాకొక గట్టి నమ్మకం మాత్రం ఉండేది. నాలో గొప్ప గిటారు వాద్యకారుడు ఉన్నాడని! బాపట్లలో కాలేజీ రోజుల్లో స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న చెక్క గిటారుతో ఆరు నెలలు కుస్తీ పట్టాను. వేళ్ళు బొబ్బలెక్కాయి గానీ పాట పలకలేదు. వేరేవాడైతే తనకి చేతకాదని ఊరుకునేవాడు. నేను బాగా ఆలోచించి, తప్పు గిటారుదని తేల్చాను. తీగలు ఎత్తుగా ఉన్నాయి, చెక్క చెమ్మ పీల్చింది, అసలు ఆ ధరకి అంతకంటే ఏం వస్తుంది? ఖరీదైన ఎలక్ట్రిక్ గిటారు ఒకటి చేతిలో పడితే నా వేళ్ళు వాటంతటవే దారి కనుక్కుంటాయని మనసులో ఉండిపోయింది. పారమట్టాలో ఒక వాయిద్యాల కొట్టు అద్దం వెనక ఎర్రటి గిటారు వేలాడుతూ ఉండేది. గోడౌన్ నుంచి వస్తూ మధ్యలో రైలు దిగి మరీ దాన్ని చూసి వచ్చేవాణ్ణి. ఒకరోజు కొట్టువాడు (జుట్టు పిలకలా కట్టుకున్న కుర్రాడు) లోపలికి పిలిచి "వాయిస్తావా మేట్?" అన్నాడు. కొట్టులో నలుగురున్నారు కాబట్టి వద్దన్నాను. వాడే తీసి ఓ నిమిషం వాయించాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇలాంటి గిటారుంటే సగం పని అదే చేసిపెడుతుంది" అన్నాడు. మిగతా సగం ఎవరు చేస్తారని నేను అడగలేదు.

మొదటి నెల జీతం రాగానే కొనేశాను. కొన్న మరుక్షణం నుంచి ఇంకో భయం మొదలైంది. ఎందుకో చెప్పాలి. మా క్రైస్తవ కుటుంబాల్లో మొదటి జీతం మనది కాదు. చేలో మొదటి పంట దేవుడిదైనట్టే ఉద్యోగంలో మొదటి నెల జీతం దేవుడిది. దాన్ని ప్రథమ ఫలం అంటారు. కవర్లో పెట్టి తీసుకెళ్ళి గుళ్ళో ఇవ్వాలి, పాస్టర్ గారు పేరు చదివి ప్రార్థన చేస్తారు. మా ఇంట్లో తాతల నాటి నుంచి ఎవరూ తప్పలేదు. (ఆస్ట్రేలియాలో జీతం రెండు వారాలకోసారి ఇస్తారు కాబట్టి మొదటి పదిహేను రోజులదే ఫలమా, నెలదా అని నేనొక ధర్మసందేహం లేవదీశాను. "బాపట్లలో నెలంటే ఇక్కడా నెలేరా" అని మావయ్య తేల్చేశారు.) ఆ నెల జీతమే ఇప్పుడు నల్ల పెట్టెలో ఎర్రగా పడుకుని ఉంది. నవంబరులో జరిగే కోత పండుగకి ఇస్తానని మావయ్యకి చెప్పి వాయిదా వేశాను, ఈలోగా ఇంకో నెల జీతం వస్తుంది కదా, అది తీసి ఇచ్చేస్తే దేవుడు పట్టించుకోడని నా ఎత్తు.

గిటారుని మంచం కింద దాచాను. దాంతో ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఎలక్ట్రిక్ గిటారు మోగాలంటే ఆంప్లిఫయర్ ఉండాలి, అది వేరే కొనుక్కోవాలి, నా దగ్గర ఇంకేం మిగల్లేదు. ఆంప్లిఫయర్ లేకపోతే ఆ గిటారు నుంచి వచ్చే చప్పుడు పక్క గదిలోకి కూడా పోదు. మొదట దిగులు పడ్డాను, తర్వాత ఇదే మేలనిపించింది. అత్తయ్యా మావయ్యా డ్యూటీలకి వెళ్ళాక తలుపు గడియ పెట్టుకుని అద్దం ముందు నిలబడి వాయించేవాణ్ణి. వినిపించీ వినిపించనట్టు సన్నగా ఏదో పలికేది, మిగతాది నా బుర్ర నింపుకునేది. బుర్రలో మాత్రం అద్భుతంగా ఉండేది! ఖరీదైన గిటారు మహిమ చూశావా అని అద్దంలో ఉన్నవాడితో అనేవాణ్ణి. వాడూ ఒప్పుకునేవాడు.

ఒక శనివారం పొద్దున మావయ్య ఇల్లంతా వాక్యూమ్ చేస్తూ నా మంచం కిందికి దాని గొట్టం తోశారు. అది పెట్టెకి తగిలింది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"ఏంట్రా ఇది?"

"గిటారు మావయ్యా."

"ఎవరిది?"

"నాదే."

"ఎక్కడిది? ఎప్పుడు కొన్నావ్? ఫస్ట్ సాలరీతోనా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను, నిజం చెప్పడానికే తెరిచాను. ఆయన మొహం చూసేసరికి భయంతో నోరు వేరే మాట అనేసింది. "దేవుడి కోసమే కొన్నాను మావయ్యా. ఇదే నా ప్రథమ ఫలం. మన తెలుగు చర్చి ఫెలోషిప్‌లో వాయిద్యం లేదు కదా... నాకు వాయించడం వచ్చు."

మావయ్య వాక్యూమ్ ఆపేశారు. కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్ళు తడి అయ్యాయి. "ఒరేయ్, మేమందరం కవరు ఇచ్చి చేతులు దులుపుకున్నాం. నువ్వు పనికొచ్చే వస్తువు ఇస్తున్నావ్" అని భుజం తట్టి, అత్తయ్యని పిలిచి చూపించి, నేను కాదనేలోపు పాస్టర్ గారికి ఫోన్ చేశారు. ఫోన్లో ఒక్క వాక్యం నాకు స్పష్టంగా వినబడింది. "కోత పండుగనాడు మావాడే వాయిస్తాడండీ, తర్వాత బల్ల మీద పెట్టేద్దాం."

బల్ల మీద! మా వైపు కోత పండుగంటే తెలియనివాళ్ళకి చెబుతాను. మొదటి ధాన్యం, గుమ్మడికాయలు, కోడిపుంజులు, ఎవరికి ఏది పండితే అది తెచ్చి గుడి ముందు బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు, వచ్చింది గుడికి. సిడ్నీలో మాకు చేలు లేవు కాబట్టి పెరటి గోంగూర, కుండీలో కాసిన మిరపకాయలు, చేతకానివాళ్ళు సూపర్ మార్కెట్ గుమ్మడికాయలూ తెచ్చేవారు. నవంబరులో మాకు ఏ కోతా ఉండదు, అయినా పండుగ పండుగే. బల్ల మీద పెట్టారంటే గిటారు పోయినట్టే. పోతే పోయింది, ఏడ్చి ఊరుకుందును. కానీ పోయే ముందు అందరి ఎదుట దాన్ని వాయించాలి. వాయించడం రాదని తేలితే దేవుడి కోసం కొన్నానన్నదీ అబద్ధమేనని మావయ్యకి తెలిసిపోతుంది. పాస్టర్ గారికే కాదు, మావయ్య అప్పటికి ఇంకో పది ఇళ్ళకి గర్వంగా చెప్పేసి ఉన్నారు. దుకాణంలో ఎవరు కనిపించినా "మావాడు గిటారు, తెలుసా?" అనేవారు. ఆ మూడు వారాలూ నాకు అన్నం సయించలేదు. పొద్దున్నే లేచి జ్వరం ఉందేమోనని నుదురు తడిమి చూసుకునేవాణ్ణి. దరిద్రం, ఒక్కరోజూ రాలేదు.

పండుగ రోజు వచ్చింది. మా ఫెలోషిప్ ఇక్కడి ఇంగ్లీషు చర్చి వాళ్ళ హాలుని ఆదివారం మధ్యాహ్నాలు వాడుకునేది. అరవై మంది ఉంటారు. పట్టుచీరలు, పులిహోర వాసన, బల్ల నిండా గుమ్మడికాయలు, వాటి పక్కన ఎర్రగా నా గిటారు. ఆంప్లిఫయర్ లేదన్న సాకు ఒకటి చివరిదాకా దాచుకున్నాను. "సర్, ఆంప్లిఫయర్ లేకపోతే ఇది మోగదండీ" అన్నాను దీనంగా. "నో వర్రీస్ బ్రదర్" అంటూ పాస్టర్ గారు హాలు బీరువాలోంచి ఇంగ్లీషు చర్చి యువకుల ఆంప్లిఫయర్ లాక్కొచ్చారు. అలా నా ఆఖరి ఆశ కూడా ప్లగ్గులోకి దూరింది.

మా పాటల పద్ధతి మీకు తెలియాలి. ఏ శ్రుతి అని ఎవరూ ఎవరినీ అడగరు. ముందు వరసలో ఒక పెద్దావిడ గొంతు సవరించుకుని తనకి తోచిన చోట ఎత్తుకుంటుంది, సంఘమంతా వెనకాల పడుతుంది, వాయించేవాడు ఎవరైనా ఉంటే వెతుక్కుంటూ రావాలి. ఆవిడ ఎత్తుకుంది. నేను తీగల మీద చెయ్యి వేశాను. అంతే, గోడలు అదిరాయి. వెనక ఎవరి బిడ్డో కెవ్వున ఏడ్చింది. మూడు నెలల్లో నా వాయింపు నేను వినడం అదే మొదటిసారి. అద్దం ముందు నేను విన్నది ఇది కాదు! ఒక్క వేలూ చోటున లేదు, ఒక్క తీగా శ్రుతిలో లేదు. నేను పాట వెనక పరిగెత్తాను, పాట నానుంచి తప్పించుకుని పరిగెత్తింది. మొదటి చరణం సగంలో పాడేవాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు. చివరికి పెద్దావిడ ఒక్కతే కళ్ళు మూసుకుని పాడుతోంది (ఆవిడకి చెముడు). నా చెయ్యి ఆగింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మావయ్య వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు, నేల మీద టైల్సు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒక అంకుల్ అన్నారు: "గిటారులో ఏదో డిఫెక్ట్ ఉన్నట్టుందండీ."

"అవునవును, వైరింగ్ ప్రాబ్లమ్. పాపం, కొత్తగా వచ్చిన కుర్రాడని కొట్టువాడు అంటగట్టేశాడు."

నేను తలెత్తాను. అరవై మంది నావైపు జాలిగా చూస్తున్నారు. బాపట్లలో నేను తేల్చిన మాటే ఇక్కడ సంఘమంతా కలిసి తేల్చింది. సిగ్గు లేకుండా నేనూ తలూపాను. బతికిపోయానని ఊపిరి వదిలేలోపు మావయ్య లేచారు. ఆయన మొహం ఎర్రగా ఉంది. "మండే నేను లీవ్ పెడతా. ఇద్దరం ఆ షాపుకెళ్దాం. వాడి ఎదురుగానే వాయించి చూపిద్దాం, సంగతేంటో తేలిపోద్ది!" ఆ పిలకవాడు గిటారు అందుకుని ఒక్క నిమిషం వాయిస్తే చాలు.

"అంతదాకా ఎందుకండీ, మన సిస్టర్ గారిని చూడమందాం" అన్నారు పాస్టర్ గారు. అంటే మా ఇంజెక్షన్ ఆంటీ. వెస్ట్‌మీడ్ వైపు ఒక ఆస్పత్రిలో నర్సు, గుంటూరు మనిషి, యాభై ఏళ్ళుంటాయి. పిల్లలందరూ ఆవిడని చూస్తే అమ్మల వెనక దాక్కునేవాళ్ళు, నేనైతే మావయ్య వెనక. నర్సింగ్ చదివే రోజుల్లో గిటారు నేర్చుకుందట. నైట్ డ్యూటీలు ఎక్కువై ఫెలోషిప్‌లో వాయించడం మానేసింది గానీ, ఒకప్పుడు పాత ప్లైవుడ్ గిటారు మీద ఆవిడ వాయిస్తే ఏడవనివాళ్ళు లేరని అత్తయ్య చెప్పేది. ఆ సంగతి అత్తయ్య ఎన్నోసార్లు చెప్పినా నాకు ఆ క్షణం దాకా తట్టలేదు.

ఆంటీ వచ్చి గిటారు భుజాన వేసుకుంది. ఇక అయిపోయింది. ఆవిడ చేతిలో ఇది పలుకుతుంది, అందరికీ తెలుస్తుంది, మావయ్య నన్ను చూస్తారు. ఏం అనరు కూడా. ఏం అనకుండా కారు తాళాలు తీసుకుని బయటికి నడుస్తారు. ఆంటీ ఒక్కో తీగా మీటి, తల వంచి విని, పైన మరలు తిప్పింది. శ్రుతి చేస్తోందని అర్థమైంది. ఆవిడ తలెత్తి నన్ను చూసింది. నర్సులు మంచం పక్కన నిలబడి చూసే చూపు. తర్వాత మరలు ఇంకోసారి తిప్పి వాయించింది.

ఘోరంగా ఉంది. నాకంటే ఘోరం! గరగరలు, కీచుమోతలు, మధ్యలో ఒక తీగ తెగినట్టు మూలిగింది. ఆంటీ నొసలు చిట్లించి తీగల మీద చెయ్యి వేసి మోత ఆపింది. "పాస్టర్ గారూ, నాకే లొంగట్లేదండీ. పాపం ఆ అబ్బాయి మాత్రం ఏం చేస్తాడు?"

హాలంతా నిట్టూర్చింది. ఆంటీ చేతిలోనే పలకలేదంటే ఇక గిటారుకి దిక్కు లేనట్టే. "చూశారా, నే చెప్పలా?" అన్నారు మావయ్య. "మండే పట్టుకెళ్దాం."

"అదేంటి అన్నయ్యగారూ," అంది ఆంటీ, "దేవుడి బల్ల మీద పెట్టింది మళ్ళీ తీసుకెళ్ళి షాపులో రిటర్న్ ఇస్తామా? ప్రథమ ఫలానికి రిఫండ్ ఏంటండీ? పాడండి వేలంపాట."

మావయ్య కూర్చున్నారు. పాస్టర్ గారు పాట మొదలెట్టారు. ఎవరూ పలకలేదు. ఒక అంకుల్ మాత్రం, పెట్టె గట్టిగా ఉంది, గిటారు తీసేసి పెట్టె ఒక్కటీ ఇస్తే క్రికెట్ బ్యాట్లకి పనికొస్తుందన్నారు. చివరికి ఆంటీయే ఏదో దయ తలచినట్టు చెయ్యెత్తింది. నా మొదటి నెల జీతం ఆ రోజు ఒక గుమ్మడికాయ కంటే కాస్త ఎక్కువ పలికింది. మావయ్య నా భుజం మీద చెయ్యి వేసి "బాధపడకురా, దేవుడు నీ మనసే చూస్తాడు" అన్నారు. ఆ మాటకి నేను మరీ భయపడ్డాను.

ఆ వారం శనివారం మావయ్య నాకు గిటారు గ్యారంటీ కార్డు ఇచ్చి ఆంటీకి అందజేసి రమ్మన్నారు. ఆంటీ ఇల్లు నాలుగు వీధుల అవతల. గేటు తీస్తుంటే లోపలి నుంచి గిటారు వినిపించింది. ఏం పాటో తెలియదు. ఒక్కో స్వరం తొందరపడకుండా, ఎదురు చూసినట్టుగా వస్తోంది. అది నా ఎర్ర గిటారే. వరండాలో బెల్లు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకుని అక్కడే నిలబడిపోయాను. అంత అందమైనది వింటూ అంత సిగ్గుపడటం నా జన్మలో అదొక్కసారే. పాట అయ్యాక తలుపు దానంతట అదే తెరుచుకుంది.

"కిటికీలోంచి కనిపిస్తున్నావులే. రా లోపలికి."

కూర్చున్నాను. కార్డు ఇచ్చాను. అడిగాను, "ఆ రోజు ఎందుకలా వాయించారు ఆంటీ?"

"నీ మొహం చూశా. ఆపరేషన్‌కి తోసుకెళ్ళేవాళ్ళు కూడా అంత తెల్లబోరు." ఆవిడ మరలు చూపించింది. "రెండు తీగలు ఇంకా లూజ్ చేశా. అయినా కష్టమైపోయింది అబ్బాయ్. చెయ్యికి తెలిసిన చోటుకే పోతానంటది. పట్టుకుని తప్పుకి లాగాల్సొచ్చింది. ఇంత మంచి గిటారుని పట్టుకుని బాగాలేదని దేవుడి మందిరంలో అబద్ధం ఆడా. నీకోసం ఆడా కాబట్టి సగం నీ ఖాతాలో ప్రార్థన చేస్కో."

నేను నవ్వబోయి ఏడ్చాను. ఆవిడ టీ పెట్టడానికి లేచింది. వచ్చే శనివారం నుంచి నేర్చుకోవడానికి రమ్మంది. మావయ్యకి నిజం చెప్పమని మాత్రం చెప్పలేదు. "అది నువ్వే చూస్కో" అంది.

ఆ ఏడాది క్రిస్మస్‌కి ఆంటీ ఎర్ర గిటారు తెచ్చి వాయించింది. రిపేర్ చేయించానంది. పాట అయ్యాక కళ్ళు తుడుచుకుంటూ అందరూ ఆవిడ చుట్టూ మూగారు. "ఎంత బాగా చేశాడండీ! ఎవరండీ ఆ మెకానిక్?" అన్నారు. ఆవిడ చేతుల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఆవిడ నావైపు చూసి కన్ను గీటింది. మావయ్య ఆ తర్వాత ఎన్నేళ్ళయినా పారమట్టాలో ఆ కొట్టు ముందు నుంచి వెళ్ళేటప్పుడు మొహం అటు తిప్పుకునేవారు. ఖరీదైన వస్తువులని నమ్మకూడదని మా పిల్లలకి కూడా నా కథే ఉదాహరణగా చెప్పారు. ఆయనకి నిజం చెబుదామని ఎన్నోసార్లు వెళ్ళాను. ఆయన "రారా" అనగానే, నన్ను చూసి గర్వపడే ఆ కళ్ళు చూడగానే, వేరే మాట వచ్చేసేది. నేను చెప్పకముందే ఆయన కన్నుమూశారు. నా భయాలన్నిటిలోకీ నాకు కోపం తెప్పించేది ఆ ఒక్కటే.

ఆంటీ దగ్గర నేను నాలుగేళ్ళు నేర్చుకున్నాను. ఇప్పుడు ఆవిడ లేదు, ఆ రోజు మావయ్యకున్న వయసు నేను దాటిపోయాను. ఫెలోషిప్‌లో వాయించేవాళ్ళలో ఇప్పుడు నేనే పెద్దవాణ్ణి, కొత్తగా నేర్చుకునే పిల్లలు నా పక్కన నిలబడి వాయిస్తారు. మొన్న ఒక పదిహేనేళ్ళ పిల్ల అందరి ముందూ తడబడి తెల్లబోయింది. ఆ తెల్లబోవడం నాకు బాగా తెలుసు. వెంటనే ఆంటీ గుర్తొచ్చి, తప్పు ఆ పిల్లది కాదనిపించేలా నేనూ కావాలని తప్పుగా వాయిద్దామని గిటారు సర్దుకున్నాను. అంత శ్రమ అక్కర్లేకపోయింది. నేను మామూలుగా వాయించినా సరిపోయింది.